మైకు ఒప్పుకోని గొంతు

మైకు పనిచేస్తోందో లేదో చూడమంటే మనలో ఎవరైనా చేసేది ఒకటే. దాని ముందుకు వంగి "హలో, హలో, వన్ టూ త్రీ" అంటాం. అవతలివాళ్లు తెర మీద బొటనవేలు ఎత్తి చూపిస్తారు. ఇక పని అయిపోయిందనుకుని కుర్చీలో వెనక్కి వాలతాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనూ అలాగే చేశాను. అలా చేసి ఒక రోజు ఎంత వణికిపోయానో, ఇప్పుడు అదే సీట్లలో కొత్తగా కూర్చుంటున్న పిల్లలకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను ఆదోనిలో కోర్టు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. చేరింది టైపిస్టుగా. కంప్యూటర్లు వచ్చినప్పుడు, టైపు తెలిసినవాడికి కంప్యూటరూ తెలుస్తుందని పైవాళ్లు తీర్మానించారు. కరోనా కాలంలో విచారణలు తెరల మీదికి ఎక్కినప్పుడు, కంప్యూటరు తెలిసినవాడికి కెమెరా, మైకు, స్పీకరు కూడా తెలుస్తాయని తీర్మానించారు. అలా సర్వీసు చివర్లో వీడియో గది నా నెత్తిన పడింది. వేరే ఊళ్లో కేసు నడుస్తుంటే, అంత దూరం పోలేని సాక్షి మా గదికి వచ్చి, తెర ముందు కూర్చుని చెప్పవచ్చు. మనిషి అతనేనని చూసుకోవడం, ప్రమాణం చేయించడం, బొమ్మా మాటా అవతలికి చేరేలా చూడడం నా పని.

నేను పుట్టుకతోనే కంగారు మనిషిని. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసే రకం. అలాంటివాడికి, ఎప్పుడు ఏది ఆగిపోతుందో తెలియని ఉద్యోగం ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కరెంటు పోతుందేమోనని భయం, నెట్టు పోతుందేమోనని భయం, రెండూ ఉంటే సాక్షి రాడేమోనని భయం. విచారణ ఉన్న రోజు పొద్దున ఇడ్లీ కూడా గొంతు దిగేది కాదు.

ఆ కేసు బెంగళూరు కుటుంబ కోర్టుది. ఎమ్మిగనూరుకు చెందిన ఒక అమ్మాయి బెంగళూరులో భర్తతో కాపురం చేస్తూ, జబ్బు చేసి చనిపోయింది. వాళ్లకు ఒక కూతురు. అప్పటికి చాలా చిన్నది. తండ్రికి పొద్దున పోతే రాత్రి వచ్చే ఉద్యోగం. అందుకని పాపను తల్లి తరపు తాత ఎమ్మిగనూరు తీసుకొచ్చి పెంచాడు. తర్వాత తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఇల్లు కుదుటపడింది, నా కూతురిని నాకు ఇప్పించండని కోర్టుకు వెళ్లాడు. తాత ఇవ్వనన్నాడు.

తాత మగ్గం నేసిన మనిషి. భార్య ఎప్పుడో పోయింది. ఆయనకు గొంతు క్యాన్సరు వచ్చి స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద ఎప్పుడూ తెల్లటి పలుచని గుడ్డ. మాట్లాడాలంటే చేతి టార్చిలైటంత యంత్రం ఒకటి దవడ కింద ఆనించి మీట నొక్కాలి. అది జుయ్యిమని మోగుతుంది. ఆ మోతకే పెదాలూ నాలుకా కదిపి మాట చేసుకోవాలి. ఒకే స్థాయిలో, ఎత్తూ పల్లం లేకుండా, చిన్న కరెంటు మోటారు మాట్లాడినట్టు ఉంటుంది. అలవాటైతే ప్రతి మాటా అర్థమవుతుంది. మగ్గం లెక్కలు, ఎక్కాలు నోటికి వచ్చు గానీ చదువు లేదు, సంతకం మాత్రమే వచ్చు. కాబట్టి రాసి ఇవ్వడం కుదరదు.

తండ్రి తరపు లాయరు వాదన కూడా దాని మీదే. మాట రాని మనిషి ఆడపిల్లను ఎలా పెంచుతాడు, పిల్లకు ఆపద వస్తే నలుగురిని ఎలా పిలుస్తాడు అని. అందుకని జడ్జిగారు, ఆయన మాట నేను స్వయంగా వింటాను అన్నారు. పాపతో ఆవిడ అంతకు ముందే ఒకసారి విడిగా మాట్లాడారు. మిగిలింది తాత ఒక్కడే. బెంగళూరు దాకా ప్రయాణం చేసే ఓపిక ఆయనకు లేదు కనక మా గదిలో ఏర్పాటు చేశారు.

ముందు రోజు బెంగళూరు కోర్టులో నాలాగే వీడియో గది చూసుకునే అమ్మాయితో లైను కలిపి చూశాను. మన సరిహద్దు ఊళ్లవాళ్లకు కన్నడం ఎంతో కొంత వస్తుంది కదా, ఆ అమ్మాయితో నాకు ఇబ్బంది లేదు. మైకు ముందు వంగి హలో హలో అన్నాను. "చెన్నాగి కేళిస్తాయిదె సార్" అంది. బాగా వినపడుతోందని. ఆ రోజు రాత్రి ప్రశాంతంగా నిద్రపోయాను.

మర్నాడు తాత, మనవరాలు మొదటి బస్సుకే దిగారు. పాపకు ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో. రెండు జడలు, ముందు పన్ను ఒకటి ఊడి సందు. తాత ఉతికిన తెల్ల పంచె కట్టుకున్నాడు. నన్ను చూసి యంత్రం దవడకు ఆనించి ఏదో అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. అంత మోత వస్తుందనుకోలేదు.

"తాత నమస్కారం అంటాండాడు సార్" అంది పాప.

"అర్థమైంది పాపా" అన్నాను. నిజానికి కాలేదు.

తాత తరపు వకీలు మా ఊరివాడే. వయసులో చిన్నవాడైనా మేమందరం ఆయన్ని వకీల్ సాబ్ అనేవాళ్లం. "ఫికర్ చేయొద్దు సార్. ఏం చెప్పాల్లో అంతా నేర్పించినా. పాపను నేను సాకుతా, ఎవురికీ ఇయ్యను అంటే సాలు. జడ్జిగారి మనసు కరిగిపోతుంది" అన్నాడు నా చెవిలో.

పాపను బయట మా అటెండరమ్మ దగ్గర కూర్చోబెట్టి తలుపు వేశాం. తెర మీద జడ్జిగారు కనిపించారు. ఆవిడకు తెలుగు బాగా వచ్చు. పక్కన తండ్రి తరపు లాయరు, వెనక బెంచీ మీద తెల్ల చొక్కాలో చేతులు కట్టుకుని తండ్రి. నేను ప్రమాణం చదివాను. తాత యంత్రం నొక్కి, ఒక్కో మాటా పట్టి పట్టి, నా వెనకే చెప్పాడు. మా గదిలో గోడలు మోగాయి.

తెర మీద ఎవరి ముఖంలోనూ మార్పు లేదు.

"సాక్షిని ప్రమాణం చేయమనండి" అన్నారు జడ్జిగారు.

"చేశాడమ్మా."

"మాకేమీ వినపడలేదే?"

మైకు మూసి ఉందేమోనని చూశాను. తెరిచే ఉంది. మళ్లీ చెప్పించాను. మళ్లీ అంతే. నేను "హలో" అంటే వాళ్లు తలలు ఊపుతున్నారు. తాత మాట్లాడితే మూగ బొమ్మను చూసినట్టు చూస్తున్నారు. వైరు ఊడదీసి వేరే చోట గుచ్చాను. బీరువాలో ఉన్న రెండో మైకు తెచ్చి పెట్టాను. కెమెరాలో ఉండే మైకుకు మార్చాను. మూడింటిలోనూ నా గొంతు పోతోంది, ఆయన గొంతు పోవడం లేదు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. తాత ఒకసారి నా వైపు, ఒకసారి తెర వైపు చూస్తూ, చెప్పిందే మళ్లీ చెబుతున్నాడు. ప్రతిసారీ యంత్రాన్ని ఇంకొంచెం గట్టిగా మెడకు అదుముతున్నాడు. అక్కడ చర్మం ఎర్రగా కమిలింది.

అవతలి లాయరు లేచాడు. "మేడమ్, ఆయనకు మాట రాదని మేము మొదటి నుంచి చెబుతున్నాం. ఇప్పుడు కోర్టే స్వయంగా చూసింది."

"వస్తుందమ్మా! ఈడ మాకు బాగా వినపడ్తాంది" అని వకీల్ సాబ్ అరిచినంత పని చేశాడు.

"మీకు వినపడితే సరిపోదు. నేను వినాలి" అన్నారు జడ్జిగారు. కోపంగా కాదు, మామూలుగానే. "పాపను పిలిచి తాత మాట చెప్పించవచ్చా?" అని వకీల్ సాబ్ అడిగితే, ఎవరి గురించి కేసో ఆ పిల్ల చేతనే చెప్పించడం కుదరదన్నారు. చివరికి, భోజనం తర్వాత మొదట ఇదే తీసుకుంటానని, అప్పటికీ వినపడకపోతే సాక్షిని విచారించడం సాధ్యపడలేదని రాసుకుని, ఉన్న కాగితాల మీదే తేలుస్తానని చెప్పారు. తెర నల్లబడింది.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఒక మనిషి మాట అవతలికి చేర్చడానికే కదా నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది అనిపించింది.

కర్నూలులో మాకు సాంకేతిక సాయం చేసే ఒకతను ఉండేవాడు. ఫోను చేస్తే "రీస్టార్ట్ చేసి చూడండి సార్" అన్నాడు. చేశాను. అది మామూలుగా తిరిగి లేవకుండా, అప్‌డేట్ అవుతోంది, కంప్యూటరు ఆపవద్దు అని నీలం తెర చూపించి చక్రం తిప్పడం మొదలుపెట్టింది. ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ నేను గదిలో అటూ ఇటూ తిరిగాను. వకీల్ సాబ్ తన టిఫిన్ క్యారియర్ తెచ్చి ముందు పెట్టినా ముద్ద ముట్టలేదు.

బయట వరండాలో తాతా మనవరాలూ పెరుగన్నం తింటున్నారు. ఆయన మెత్తగా కలిపి చిన్న చిన్న ముద్దలు మింగుతున్నాడు. మింగినప్పుడల్లా కళ్లు మూసుకుంటున్నాడు. అప్పుడు అది నాకు వింతగా అనిపించలేదు.

కంప్యూటరు లేచాక అవతలి అమ్మాయికి ఫోను చేశాను. పాపం, ఆ అమ్మాయి కూడా తన భోజనం మానుకుని లైను కలిపింది. తాతను పిలిచి మాట్లాడించాను. ఈసారి ఆ అమ్మాయి చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని జాగ్రత్తగా వింది.

"సార్, మొదలనే అక్షర బరుత్తె. ఆమేలె ఏనూ ఇల్ల."

మొదటి అక్షరం వస్తోంది. ఆ తర్వాత ఏమీ లేదు.

మళ్లీ చెప్పించాను. మళ్లీ మొదటి అక్షరమే. అప్పుడు నాకు ఏదో తట్టింది. మైకుకు వినపడక కాదు. వింటోంది. విన్న తర్వాత ఎవరో లోపల తలుపు మూస్తున్నారు. ఏం చూసి మూస్తున్నారు?

"వకీల్ సాబ్, ఇలా వచ్చి మైకు ముందు నోరు మూసుకుని మ్మ్‌మ్మ్ అనండి. ఆపకుండా, ఒకే తీరుగా."

"ఏం కథ సార్ ఇది?" అన్నాడాయన. అయినా నల్ల కోటుతోనే వంగి, ఊపిరి ఆగేదాకా మూలిగాడు. అవతలి అమ్మాయి నవ్వాపుకుంటూ, కాస్త వినపడి ఆగిపోయిందని చెప్పింది.

దొరికింది. ఇప్పుడు మన కాల్స్‌లో ఫ్యాను మోత, మిక్సీ మోత అవతలికి పోకుండా మెషిన్ తనంతట తానే కోసేస్తుంది. ఒకే తీరుగా సాగే శబ్దం వింటే అది మనిషి మాట కాదని తీర్మానించుకుంటుంది. తాత గొంతు దానికి అలాగే తోచింది. సెట్టింగుల్లో ఆడియో అని ఉన్నచోట వెతికితే, వెనక మోతలు తగ్గించు అనే వరుస ఎదురుగా టిక్కుతో కనిపించింది. అది తీసేశాను. కంప్యూటరు సౌండు సెట్టింగుల్లో అలాంటిదే ఇంకొకటి ఉంటే అదీ తీశాను. అన్నీ చేసి తాతను మాట్లాడమన్నాను.

అవతలి అమ్మాయి హెడ్‌ఫోను చెవుల మీంచి లాగి తీసేసింది. ఇప్పుడు మోత పోతోంది. భరించలేనంత పోతోంది. మాట మాత్రం అందులో మునిగిపోయింది. గడియారం చూశాను.

పాప ఎప్పుడు వచ్చిందో తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "సార్, మిషను కాడ పెడితే అది జుయ్ అనేదే వినపడ్తాది. నేనయితే తాత నోటి కాడ చెవి పెడ్తా" అంది.

మైకు ఆయన మెడకు ఎదురుగా ఉంది. యంత్రం ఆనించిన వైపు నుంచి తీసి, రెండో పక్కకు, పెదవి మూలకు దాదాపు తగిలేంత దగ్గరగా పెట్టాను. శబ్దం స్థాయి తగ్గించాను. "ఇప్పుడు చెప్పు పెద్దాయనా, ఏదో ఒకటి."

"అన్నం తిన్యావా సారూ?" అన్నాడు తాత.

అవతలి అమ్మాయి నిటారుగా కూర్చుంది. "ఊట ఆయ్తా అంత కేళ్తిదారె!" అంది. భోజనం అయ్యిందా అని అడుగుతున్నాడని ఆమెకూ అర్థమైంది.

పాపను మళ్లీ బయటికి పంపాక, ఏం జరిగిందని తాత సైగ చేసి అడిగాడు. ఎలా చెప్పాలో తెలియక, మైకులో ఏదో బటను అని నసిగాను. ఆయన నన్నే చూస్తూ యంత్రం ఎత్తాడు.

"నా మాట మోత అనుకునిందా?"

నేను తలదించుకున్నాను. ఆయన భుజాలు ఊగాయి. శబ్దం లేని నవ్వు అది. "మా వీధి కుక్క గూడా మొదట్లో అట్లే మొరిగె సారూ. తర్వాత నేర్సుకునె" అన్నాడు.

భోజనాల తర్వాత తెర వెలిగింది. ఈసారి ప్రమాణంలో ప్రతి మాటా చేరింది. జడ్జిగారు ముందుకు వంగి విన్నారు. అవతలి లాయరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అర్థం కాని మాట ఉంటే మళ్లీ చెప్పమని ఆవిడ ఓపిగ్గా అడిగారు. పాప బడి గురించి, వంట ఎవరు చేస్తారన్నదాని గురించి, రాత్రిపూట జ్వరం వస్తే ఏం చేస్తారన్నదాని గురించి. పక్కింటి తలుపు కొడతానన్నాడు. వకీల్ సాబ్ ముఖం విప్పారింది. నాకు మాత్రం నెట్టు పోతుందేమోనని ఒక కన్ను తెర మూలనున్న సిగ్నల్ గీతల మీదే ఉంది.

చివరికి జడ్జిగారు అడిగారు. "పాప ఎక్కడ ఉండాలని మీరు కోరుకుంటున్నారు?"

వకీల్ సాబ్ ధైర్యం చెబుతున్నట్టు తల ఊపాడు. తాత యంత్రాన్ని ఒకసారి పంచెకు తుడిచి మెడకు ఆనించాడు.

"వాళ్ల నాయన కాడికే పోనీ తల్లీ."

వకీల్ సాబ్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఏమప్పా, ఏమంటాండావ్? మనం అనుకునిందేమి?" జడ్జిగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు.

"ఇయ్యనని కేసు ఆడినాను. అబద్ధం గాదు. అప్పుడు నాకు బాగుండె. ఇప్పుడు మళ్లా గడ్డ లేసింది. కర్నూలు డాక్టరు చూసి చెప్పినాడు. ఇంగ కొయ్యనీకి లేదంట." ఆయన ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. మెడ మీద గుడ్డ లోపలికీ బయటికీ కదిలింది. "నేను పోయినంక పాప ఒక్కతే తెలీని యింటికి పోవల్ల. దానికి యాడ ఏముండాదో తెలీదు, ఎవురు ఎట్లాంటోళ్లో తెలీదు. అట్ల వద్దు. నేనుండంగానే పోయి అలవాటు పడనీ. బాగలేకుంటే నాకు చెప్పుకుంటాది. వాళ్ల నాయన చెడ్డోడు గాదు. నా కూతురు పోయినప్పుడు ఆయప్ప ఏడ్సింది నేను చూసినా."

తెర మీద తండ్రి కట్టుకున్న చేతులు విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన ముఖం నేను చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

"ఒకటే అడుగుతాండా" అన్నాడు తాత. "రోజూ పొద్దు మునిగేటప్పుడు పాప నాతో మాట్లాడల్ల. ఈ గొంతుతోనే. వాళ్లింట్లో ఎవురూ ఏమీ అనుకోగూడదు."

జడ్జిగారు తండ్రిని నిలబడమని, "మీకు ఆయన మాట అర్థమైందా?" అని అడిగారు.

"అంతా అర్థమైంది మేడమ్" అన్నాడతను.

లైను తెగాక వకీల్ సాబ్ తాత ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాకు ముందే ఏంటికి చెప్పలేదప్పా?"

"చెప్తే నువ్వు వద్దంటావు" అన్నాడు తాత. వకీల్ సాబ్ కోటు విప్పి చేతి మీద వేసుకుని బయటికి వెళ్లాడు.

తలుపు తీయగానే పాప పరుగెత్తుకొచ్చింది. తాత దగ్గరికి కాదు, నా దగ్గరికి. "సార్, తాత మాట వినపడిందా వాళ్లకి?"

"వినపడింది పాపా. బాగా వినపడింది."

ఆ పిల్ల ఊడిన పన్ను సందు కనిపించేలా నవ్వి, అటెండరమ్మ చేతులు పట్టుకుని వరండాలో గిరగిరా తిరిగింది. తాత ఏం చెప్పాడో దానికి ఇంకా తెలియదు. బస్సులో చెప్పాడో, ఇంటికి పోయాక చెప్పాడో నేను అడగలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన పని అంత సరిగ్గా కుదిరిన రోజు మరొకటి లేదు. అయినా ఆ రోజు గదికి తాళం వేసి, లాగి చూడకుండానే ఇంటికి పోయాను.

తీర్పు తాత అడిగినట్టే వచ్చింది. ఆ సంవత్సరం బడి ముగిసేదాకా పాప ఎమ్మిగనూరులో, ఆ తర్వాత తండ్రి దగ్గర. రోజూ సాయంత్రం తాతతో మాటలు. సెలవుల్లో రాకపోకలు. ఆ సాయంత్రాల వాక్యం కోర్టు కాగితంలో పడడానికి కారణం ఆయన మాట చేరడమే. చేరకపోయినా పాప తండ్రి దగ్గరికే పోయేది. సాయంత్రాలు మాత్రం ఉండేవి కావు.

పాప బెంగళూరు వెళ్లాక నేను ఎమ్మిగనూరు వెళ్లాను. అది నా ఉద్యోగంలో భాగం కాదు, రమ్మని ఎవరూ అడగలేదు. కానీ మామూలు ఫోను కూడా ఆయన గొంతును కోసేస్తుందని నాకు తెలుసు. ఇంట్లో ఉండలేకపోయాను. ఫోనులో, ఉన్న శబ్దాన్ని ఉన్నట్టు పంపే ఏర్పాటు ఉన్న యాప్ ఒకటి వెతికి పెట్టాను. వైరున్న చిన్న మైకు చొక్కా కాలరుకు తగిలించి, పెదవి మూలకు వంచాను. అవతల తండ్రి కూర్చున్నాడు. ఈసారి నేను హలో హలో అనలేదు. తాత చేతనే అనిపించాను. పిల్లలూ, మీరూ అలాగే చేయండి. మాట్లాడబోయే మనిషి చేతనే మాట్లాడించి చూడండి.

ఒక చిక్కు మిగిలింది. ఆ యాప్ అప్‌డేట్ అయినప్పుడల్లా తీసేసిన టిక్కు తిరిగి తన చోటికి వచ్చేది. తాత గొంతు మళ్లీ ఆగిపోయేది. ఆయన నాకు ఫోను చేసి చెప్పలేడు కదా. అందుకని మిస్‌డ్ కాల్ ఇవ్వమన్నాను. అది వస్తే నేను బస్సెక్కి పోవాలి. ఈలోగా నేను రిటైరయ్యాను. నాకు మిగిలిన డ్యూటీ అదొక్కటే. కొన్నాళ్లకొకసారి ఆ నంబరు నుంచి ఒక రింగు వచ్చి ఆగేది. చెప్పులేసుకుని బస్టాండుకు పోయేవాణ్ణి. తాత టీ తెప్పించేవాడు. టిక్కు తీసి, పాప ఒకసారి చేయి ఊపాక, తిరిగొచ్చేవాణ్ణి. ప్రతిసారీ ఆయన ఇంకొంచెం సన్నబడి కనిపించేవాడు.

తర్వాత మిస్‌డ్ కాల్స్ ఆగిపోయాయి.

మొదట్లో అప్‌డేట్ రాలేదేమో అనుకున్నాను. నా ఫోనులో అదే యాప్ ఉంది. దానికి అప్‌డేట్ వచ్చింది, మళ్లీ ఇంకొకటి వచ్చింది. అక్కడి నుంచి మాత్రం రింగు లేదు. నేనే ఫోను చేయవచ్చు. కానీ చేస్తే ఎవరు ఎత్తుతారో, ఏం చెబుతారో అని భయం. తీసిన ఫోను తీసినట్టే జేబులో పెట్టుకునేవాణ్ణి. మా ఆవిడ చూసి చూసి, "ఇట్ల ఇంట్లో తిరిగే బదులు పోయి చూసిరాపోండి" అంది.

ఎమ్మిగనూరులో బస్సు దిగి వాళ్ల వీధి మలుపు తిరిగేసరికి పొద్దు వాలుతోంది. ఆ వీధిలో ఇప్పటికీ మగ్గాలున్న ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాటి చప్పుడులోంచి ఇంకేదైనా వినపడుతుందేమోనని చెవులు రిక్కించుకుని నడిచాను. ఇంటి ముందు జనం ఉన్నారేమోనని దూరం నుంచే చూశాను. ఎవరూ లేరు. తలుపు ఓరగా వేసి ఉంది. తోయడానికి చేయి రాలేదు.

అప్పుడు వినపడింది లోపలి నుంచి. జుయ్యిమని.

తలుపు తోశాను. తాత మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. కాలరుకు మైకు, ఎదురుగా దిండుకు ఆనించి ఫోను. అందులో పాప. జడలు పోయి క్రాపు వచ్చింది, ముందు పన్ను మొలిచింది.

"సార్!" అని అరిచింది నన్ను చూసి. "టిక్కు తీసేది తాతకు నేనే నేర్పించినా. పై నుంచి మూడో వరుస అని చెప్పినా. ఇంగ మీరు బస్సులో రాపన్లేదు."

తాత నా వైపు చూసి, ఆగమని ఎడమ చెయ్యి ఎత్తాడు. "కూసో సారూ. ఎక్కాలు అయిపోనీ" అన్నాడు.

నేను బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. పాప ఏడో ఎక్కం గబగబా చెప్పుకుంటూ పోయి ఒకచోట తడబడింది.

"తప్పు" అంది తాత గొంతు. "మళ్లా చెప్పు."

పాప మొదటి నుంచి మొదలుపెట్టింది.